పెన్‌డ్రైవ్ నిండా ఆధారాలు

ఎనిమిదో తరగతి మధ్యలో బడి మానేశాను. లెక్కల మాస్టారూ నేనూ ఒకరి మీద ఒకరం ఒకే రోజు ఆశ వదులుకున్నాం. అలాంటివాణ్ణి ఏరి కోరి పోర్ట్ బ్లెయిర్‌లో ఒక కాలేజీ లైబ్రరీలో అటెండరుగా వేశారు. పుస్తకాలకు దూరంగా పారిపోయినవాణ్ణి పుస్తకాల మధ్యే కూర్చోబెట్టి జీతమిచ్చారంటే, మాస్టారి ఉసురు కొంత నాకూ కొంత ప్రభుత్వానికీ తగిలిందన్నమాట. అక్కడే తల నెరిసింది. అక్కడే రిటైరయ్యాను.

ఈమధ్య మా ఊరి గోల్ ఘర్ సెంటర్‌లో టీ తాగుతుంటే ఇద్దరు పిల్లలు పలకరించారు. లైబ్రరీ కోర్సు చదివి, ఉద్యోగంలో చేరబోతున్నారట. ఇప్పుడు ప్రతిదీ ఫోన్లోనే దొరుకుతోంది కదా అంకుల్, ఇక మేం చేసేదేముంటుంది అన్నారు. అక్కడ ఏదో జోకు వేసి తప్పించుకున్నాను. ఇంటికొచ్చాక ఆ జోకు నాకే నచ్చలేదు. అందుకని ఇది రాస్తున్నాను. ఎవరికెప్పుడు ప్రమోషన్ వచ్చింది, ఏ ఫైలు ఎక్కడ ఆగింది అన్న సంగతులు ఇందులో ఉండవు. అవి చదివితే మీరు ఈ ఉద్యోగంలో చేరరు.

చాబీ సార్ కాలం

నేను చేరినప్పటి లైబ్రేరియన్‌కు చాబీ సార్ అని పేరు పెట్టింది నేనే. ఆయన నడుముకు తాళంచెవుల గుత్తి వేలాడేది. ఆయన వస్తుంటే మనిషికంటే ముందు చప్పుడు వచ్చేది. పుస్తకాలన్నీ అద్దాల బీరువాల్లో, బీరువాలన్నీ తాళాల్లో. ఎవరైనా పుస్తకం అడిగితే ఆయన ముఖం, పిల్లనిమ్మని అడిగినట్టు అయిపోయేది. పుస్తకాలు పోకుండా చూడటమే లైబ్రరీ అని ఆయన నమ్మకం. ఆ లెక్కన మాది దేశంలోకెల్లా గొప్ప లైబ్రరీ.

ఒక వానాకాలం తర్వాత ఒక బీరువా అడుగు అర తెరిస్తే, ఉప్పుగాలికీ చెమ్మకూ పుస్తకాలు ఉబ్బి ఒకదాన్నొకటి అంటుకుపోయి ఉన్నాయి. ఒకటి లాగితే నాలుగు వచ్చాయి. చాబీ సార్ అక్కడే నేలమీద కూర్చుని వాటిని ఒళ్ళో పెట్టుకుని ఒక్కొక్క పేజీ విడదీశారు. ఎగతాళి చేద్దామని నోరు తెరిచినవాణ్ణి మూసేసుకున్నాను. ఆయనకు పుస్తకాలంటే ప్రేమ లేక కాదు, మనుషులంటే భయం. ఈ ఉద్యోగంలో ఆ భయం ఉన్నవాళ్ళు మీకు ఇప్పటికీ కనిపిస్తారు. వాళ్ళతో కొట్లాడకండి. మీరు వాళ్ళలా మారకుండా మాత్రం చూసుకోండి.

ఆ రోజులు తలుచుకుంటే రేకుల కప్పు మీద వాన చప్పుడే ముందు గుర్తొస్తుంది. అది మొదలైతే లోపల ఎవరూ మాట్లాడనవసరం లేదు, మాట్లాడినా వినబడదు. సైలెన్స్ బోర్డు చేయలేని పని వాన చేసేది. మెయిన్‌లాండ్ పేపర్లు కట్టలు కట్టలుగా, నాలుగైదు రోజులవి ఒకేసారి వచ్చేవి. రిటైరైన ఓడ ఇంజనీరు ఒకాయన రోజూ వచ్చేవారు. కట్టలో అన్నిటికంటే పాత పేపరు తీసి, తేదీల వరసలోనే చదివేవారు, రోజుకొక్కటే. క్రికెట్ మ్యాచ్ ఫలితం ముందే చెప్పేస్తే కర్ర ఎత్తేవారు. నేను చెప్పేసేవాణ్ణి. ఆయన కర్ర ఎత్తడం కోసమే చెప్పేవాణ్ణని ఆయనకూ తెలుసు. ఆయన పోయాక ఆ కుర్చీలో చాన్నాళ్ళు ఎవరినీ కూర్చోనివ్వలేదు. విరిగిందని అబద్ధం చెప్పాను.

ఓడ వెళ్తోందంటే

చాబీ సార్ తర్వాత అనిమా మేడం వచ్చారు. దిగ్లీపూర్ వైపు బెంగాలీ కుటుంబం. వచ్చిన రోజే బీరువాల తాళాలు తీయించి, ఆ గుత్తి నా చేతికిచ్చి, పేపర్లు ఎగిరిపోకుండా బరువు పెట్టుకోమన్నారు. మా ఇద్దరి మాటలూ హిందీలోనే నడిచేవి. ఆమె నన్ను అప్పన్న భయ్యా అనేవారు. నేను ఎన్ని జోకులేసినా నవ్వేవారు కాదు, పెదవి చివర మాత్రం కదిలేది. ఆ చివర కోసం నేను పొద్దున్నుంచి కష్టపడేవాణ్ణి.

ఇప్పటి పిల్లలకు తెలియనిదొకటి చెప్పాలి. సముద్రం అడుగున కేబుల్ రాకముందు మా దగ్గర ఇంటర్నెట్ ఉందీ అంటే ఉంది. ఒక పేజీ తెరవమని చెప్పి, అబర్డీన్ బజార్ వెళ్ళి కూరలు కొనుక్కుని వస్తే, బొమ్మ సగం దాకా దిగి ఉండేది. పెద్ద రిపోర్టు దింపుకోవాలంటే కుదిరే పని కాదు. అందుకని మేమొక పద్ధతి పెట్టుకున్నాం. ఎవరైనా ఓడెక్కి విశాఖపట్నమో చెన్నైయో వెళ్తుంటే, పిల్లలకు కావలసినవి కాగితం మీద రాసి, పెన్‌డ్రైవ్‌తో కలిపి వాళ్ళ చేతికిచ్చేవాళ్ళం. వాళ్ళు అక్కడ ఏ నెట్ సెంటర్‌లోనో దింపించి తిరుగు ఓడలో తెచ్చేవాళ్ళు.

ద్వీపంలో పుట్టినవాళ్ళకు ఒక జబ్బుంది. ఓడ వెళ్తోందంటే చాలు, చేతిలో చీటీ పుడుతుంది. ఒకటి కావాలంటే రెండు రాస్తాం. మళ్ళీ ఓడ ఎప్పుడో, సముద్రం ఎలా ఉంటుందో, ఉన్నప్పుడే తెప్పించేసుకుందాం అన్న ధోరణి. పప్పుల దగ్గర, మందుల దగ్గర అది తెలివే. అదే చేత్తో మేం చదువుల చీటీలు కూడా రాశాం. అక్కడొచ్చింది చిక్కు.

వాపస్ వచ్చిన ప్రాజెక్టు

హేమ తుష్నాబాద్ అమ్మాయి. మా వాళ్ళే, పెద్దవాళ్ళు శ్రీకాకుళం వైపు నుంచి వచ్చారు. తండ్రి వక్కతోట, కూరగాయలు చూసుకునేవాడు. రోజూ బస్సులో కాలేజీకి వచ్చేది. తెలుగు గలగలా మాట్లాడుతుంది. చదవమంటే మాత్రం అక్షరాలను వేలితో పొడుస్తుంది. నన్ను మామా అనేది.

ఆఖరి సంవత్సరంలో ఆమెకిచ్చిన ప్రాజెక్టు ప్రపంచ సుస్థిరత గురించి. భూమ్మీద ఉన్నదాన్ని మన తర్వాతివాళ్ళకు కూడా మిగిలేలా వాడుకోవడం అని మేడం నాకు అర్థం చెప్పారు. ప్రపంచం మొత్తం ఒక అమ్మాయికి, ఒక సెమిస్టర్‌లో. గైడు కుర్రాడు, కొత్తగా చేరిన లెక్చరర్. ఆధారాలు ఎన్ని ఎక్కువ చూపిస్తే అంత మంచిదని ఆమెకు చెప్పాడు.

ఆ వారమే మా బావమరిది సింహాచలం విశాఖపట్నం వెళ్తున్నాడు. చీటీ రాసింది నేను. సుస్థిరత, నీళ్ళు, అడవులు, వాతావరణం, చెత్త, చేపలు అని మాటలు రాసి, కింద 'దొరికినన్ని' అని చేర్చాను. మా బావమరిది నమ్మకస్తుడు. దొరికినన్ని తెచ్చాడు. పెన్‌డ్రైవ్ కొనదాకా నిండిపోయింది.

హేమ ఆ పేర్లన్నీ తన ప్రాజెక్టు చివర ఎక్కించింది. ఆధారాల పట్టికే నాలుగు పేజీలు. లోపల మంచు కరుగుతోంది, ఎడారి పెరుగుతోంది, ఎక్కడెక్కడి అడవులో తగలబడుతున్నాయి. అండమాన్ అన్న మాట అట్ట మీద కాలేజీ పేరులో తప్ప ఎక్కడా లేదు.

మెయిన్‌లాండ్ నుంచి వచ్చిన ఎగ్జామినర్ అందులో ఏవో రెండు పేర్లు చూపించి, వీటిలో ఏముందమ్మా అని అడిగారట. ఈమె ఆ పేర్లే మళ్ళీ చదివి వినిపించిందట. ప్రాజెక్టు వెనక్కిచ్చేశారు. మళ్ళీ రాసి చూపించడానికి ఒక్క అవకాశం. అదీ పోతే సంవత్సరం పోతుంది, అప్పటికే చేతికొచ్చిన బి.ఎడ్. సీటు కూడా పోతుంది.

ఆ రోజు లైబ్రరీకొచ్చి నా బల్ల ముందు నిలబడింది.

"ఏటి మామా, ఇన్ని పెట్టినా వాపస్ చేసీసారు. ఇంకేటి తేవాల?"

ఇంకో ఓడ ఎప్పుడుందో చూద్దాం ఉండు అన్నాను. మాట నోట్లోంచి వచ్చేసింది. వెనక నుంచి మేడం విన్నారు.

తీసెయ్యడం

మేడం ఆ నాలుగు పేజీలూ చూసి, ఇందులో చదివినవాటికి టిక్కు పెట్టమన్నారు. హేమ పెన్ను పట్టుకుని పట్టికంతా రెండుసార్లు తిరగేసింది. పెట్టిన టిక్కులు ఒక చేతి వేళ్ళకు సరిపోయాయి.

మేడం కోప్పడలేదు. వర్షాకాలంలో ఓడ ఆలస్యమైతే మీ ఇంట్లో ఏం చేస్తారు అని అడిగారు. అది ప్రాజెక్టులో ప్రశ్నని హేమకు తెలియలేదు, మామూలు కబురనుకుంది. అమ్మ ముందే బియ్యం, పప్పు, నూనె, కొవ్వొత్తులు ఎలా సర్దిపెడుతుందో, కూరగాయలు లేనప్పుడు దేనితో నెట్టుకొస్తారో గడగడా చెప్పింది. మేడం అడ్డుపడకుండా విని, ఇదే నీ ప్రాజెక్టు అన్నారు. సముద్రం మధ్యలో ఉన్న ఏ చిన్న ద్వీపానికైనా ఈ బాధ ఉంటుంది, ప్రపంచాన్ని తుష్నాబాద్ నుంచి చూడు, ఎన్నాళ్ళని మంచుకొండల మీద నిలబడతావు అన్నారు.

ఇక్కడ మీరు నేర్చుకోవలసిందుంది. చదువుకునేవాళ్ళు మన దగ్గరికి విషయం పేరు పట్టుకుని వస్తారు. ఆ పేరుకు పుస్తకాలు వెతికితే గది నిండుతుంది. ఏం తెలుసుకోవాలనుకుంటున్నావు అని అడిగి, అది ఒక వాక్యంలో వచ్చేదాకా వాళ్ళను బల్ల దగ్గర నుంచి కదలనివ్వకండి. హేమ వాక్యం ఇలా వచ్చింది: 'ఓడ రానప్పుడు మా ఊరి ఇళ్ళు ఎలా గడుపుకుంటాయి?' అది వచ్చాక వెతకడం సగం అయిపోయింది.

పెన్‌డ్రైవ్ మళ్ళీ తెరిచాం. ఈసారి ఒక్కొక్కటీ చదివి, ఏం చెప్పారో నాకు మన మాటల్లో చెప్పాలని నియమం పెట్టాను. నాకు అర్థమైతే ఉంచడం, కాకపోతే కొట్టెయ్యడం. జడ్జి కుర్చీ నాకు బాగా నచ్చింది. మూడోరోజుకల్లా మంచి మంచివి కూడా కొట్టేస్తున్నానని మేడం కనిపెట్టారు.

"అప్పన్న భయ్యా, నీకు అర్థం కాకపోవడం పుస్తకం తప్పు కాదు. ఆ అమ్మాయికి అర్థమైందో లేదో చూడు చాలు."

ఎనిమిదో తరగతి దగ్గర ఆగినవాణ్ణి, నా కోసం చదువులన్నీ అక్కడే ఆగాలంటే ఎలా? జడ్జి పదవి పోయింది. వినే పని మిగిలింది.

ఇంకోటి కూడా జరిగింది. ఒక వ్యాసం హేమకూ నాకూ తెగ నచ్చింది. ద్వీపాల్లో ప్రతి ఇంటికీ నీళ్ళ ట్యాంకు ఎందుకుండాలో చక్కగా, కథలా రాశారు. పట్టికలో అన్నిటికంటే పైన పెట్టేశాం. రాసిందెవరని మేడం అడిగితే కింది నుంచి పైదాకా వెతికాం, పేరు లేదు. చివరి పేజీలో ట్యాంకులు అమ్మేవాళ్ళ చిరునామా ఉంది. హాయిగా చదివించేదాన్ని చూస్తే నాకు ఆ రోజు నుంచి కాస్త అనుమానం. నేను రాస్తున్న దీన్ని కూడా అలాగే చదవండి.

చివరికి మిగిలినవి కొన్నే. చిన్న ద్వీపాల తిండి గురించి పెద్ద సంస్థ వేసిన రిపోర్టులో ఒక అధ్యాయం. ఇక్కడి నేలలో ఏ కాలంలో ఏం పండుతుందో చెప్పే వ్యవసాయ పరిశోధన వాళ్ళ బులెటిన్. ఓడలు ఆగిపోయినప్పటి వార్తల కోసం మా పాత పేపర్ల కట్టలు. వాటికి తోడు, తుష్నాబాద్‌లో ఇంటింటికీ తిరిగి హేమ రాసుకున్న మాటలు. వాటిలో మొదటిది వాళ్ళమ్మ చెప్పినది.

అప్పజెప్పడానికి ముందు రోజు గైడు సార్ చూసి హడలిపోయాడు. పట్టిక అరపేజీ కూడా లేదు. పాత నాలుగు పేజీలూ మళ్ళీ అంటించెయ్, చూడటానికైనా నిండుగా ఉంటుంది అన్నాడట. పాపం, ఆయన భయం ఆయనది. పిల్ల ఫెయిలైతే పేరు ఆయనకే వస్తుంది. హేమ రెండు కాపీలు చంకలో పెట్టుకుని లైబ్రరీకొచ్చింది. ఒకదాని వెనక నాలుగు పేజీలు ఉన్నాయి, రెండోదాని వెనక లేవు. ఏది ఇవ్వమంటారు అని అడిగింది.

నిజం చెప్పాలంటే, లావుగా ఉన్నదే ఇచ్చెయ్ అందామనిపించింది. పిల్ల సంవత్సరంతో ఆటలేమిటి? మేడం వైపు చూశాను. ఆమె కళ్ళజోడు తుడుచుకుంటూ, అందులో ఉన్నవాటిలో వేటి గురించి అడిగినా జవాబు చెప్పగలవో అదే ఇవ్వమన్నారు. హేమ లావు కాపీని నా బల్ల మీద వదిలేసి వెళ్ళింది.

వైవా గది

ఎగ్జామినర్ మళ్ళీ ఆయనే. పట్టిక చూడగానే, ఇందులో ఉన్నవన్నీ ఇక్కడికి తెప్పించండి అన్నారు. తెచ్చేవాణ్ణి నేనే కాబట్టి ఆ గదిలో నిలబడే భాగ్యం కలిగింది. బులెటిన్, రిపోర్టు ప్రింటు, పేపర్ల కట్టలు చేతుల్లో పెట్టుకుని గోడవారగా నిలబడ్డాను. దించమని ఎవరూ అనలేదు. మాటలు ఇంగ్లీషులో నడిచాయి. నాకు అందినంతవరకు చెబుతాను.

ముందు ఒక పెద్ద రిపోర్టు పేరెత్తారు. అందరూ పెట్టేది, క్రితంసారి నువ్వూ పెట్టావు, ఇప్పుడేదీ అన్నారు. చదివాను సార్, సగం అర్థం కాలేదు, అందుకని తీసేశాను అంది హేమ. గైడు సార్ కళ్ళు మూసుకున్నాడు. నేను పేపర్ల కట్టను గట్టిగా పట్టుకున్నాను.

ఎగ్జామినర్ పట్టికలో కిందికి వచ్చారు. ఒక ఆడమనిషి పేరు, ఊరు తుష్నాబాద్ అని ఉంది. ఈమె ఎవరని అడిగారు.

"మా అమ్మ, సార్."

ఆయన కళ్ళజోడు తీశారు. అమ్మ చెప్పిందని రాసేస్తే ఆధారమైపోతుందా అన్నారు. కోపంగా కాదు. నిజంగానే తెలుసుకోవాలని అడిగినట్టుంది.

కాదు సార్, అందుకే ఆ వీధిలో మిగతా ఇళ్ళలో కూడా అడిగాను అంది హేమ. వాళ్ళమ్మ ఏం చెప్పిందంటే, ఓడ ఎంత ఆలస్యమైనా తమ ఇంట్లో దేనికీ లోటు రాలేదట, ఎవరి గుమ్మంలోనూ గిన్నె పట్టుకుని నిలబడలేదట. పక్కింట్లో అడిగితే, మీ అమ్మ నూనెకొచ్చింది అన్నారు. ఎదురింట్లో పప్పుకొచ్చింది అన్నారు. ఆ పైనున్న ఇల్లు వాళ్ళు, మీ అమ్మ ఇచ్చిన బియ్యంతోనే మేం గడిపాం అన్నారు. ఏ ఇంటికెళ్ళినా తాము తీసుకున్నది లేదంటున్నారు, పక్కవాళ్ళు వచ్చి తీసుకెళ్ళింది మాత్రం గుర్తుంది.

ఆ పేజీ తిప్పి చూపించింది. ఇంటింటి నిల్వలు లెక్కేస్తే ఎవరికీ చాలవు సార్, వీధి మొత్తం కలిపి చూస్తే చాలుతున్నాయి, ఇంట్లో ఎంత దాచుకోవాలో రిపోర్టులో ఉంది, ఒకరికొకరు ఇచ్చుకోవడం గురించి లేదు, అది నాకు ఊళ్ళోనే దొరికింది అంది.

ఆయన ఆ పేజీ రెండుసార్లు చదివారు. తర్వాత ముందుకు వంగి, అయితే మీ అమ్మ చెప్పింది తప్పని రాశావా అని అడిగారు.

"రాశాను సార్. అమ్మ చెప్పిందీ ఉంచాను, తేడా కూడా పక్కనే రాశాను."

ఆయన పెన్ను తీసి సంతకం పెట్టారు. పెట్టాక కూడా కాపీ వెంటనే మూయలేదు, ఆ పేజీ దగ్గరే వేలు ఉంచుకుని, ఆ వీధిలో ఎన్నాళ్ళుగా ఉంటున్నారమ్మా మీరు అని మామూలుగా కబుర్లు మొదలెట్టారు. గైడు సార్ ఊపిరి వదిలిన చప్పుడు నాకు వినిపించింది. నా చేతులు లాగేస్తున్నాయని అప్పుడు తెలిసింది.

ఆ ఏడు హేమ బి.ఎడ్.లో చేరింది. ఇప్పుడు ఒక బడిలో పాఠాలు చెబుతోంది. పాస్ అయిందన్న మాట ఎక్కడా విడిగా రాయలేదు కాబట్టి రాస్తున్నాను, మేడం అయితే ఎత్తిచూపేవారు.

ఆ రోజు వైవా గది నుంచి బయటికొచ్చాక వరండాలో నా చేతిలోంచి సగం కట్టలు తీసుకుంది. సంతోషంతో ఏడుస్తుందేమో, ఏం జోకు వెయ్యాలా అని చూస్తున్నాను. అటూ ఇటూ చూసి, గొంతు తగ్గించి అంది:

"మామా, అమ్మ నూనెకెళ్ళిన సంగతి రాసీసానని ఇంట్లో సెప్పకండి. నన్ను సంపీసుద్ది."

చెప్పనని మాటిచ్చాను. ఇన్నేళ్ళూ చెప్పలేదు. ఆ ప్రాజెక్టు ఇంగ్లీషులో ఉంది కాబట్టి ఫరవాలేదు. ఇదే అచ్చయి తుష్నాబాద్ చేరితే ఏమవుతుందో తెలియదు. వాళ్ళమ్మకు తెలుగు చదవడం బాగా వచ్చు.